ఎనిమిదో స్తంభం

మా ముత్తాత చంపావతి ఒడ్డున పదకొండు గ్రామాలకు పెత్తందారు. సంస్థానం దర్బారులో ఆయనకు కుర్చీ ఉండేది. చాప మీద కూర్చునేవాడికీ కుర్చీ మీద కూర్చునేవాడికీ ఆ రోజుల్లో ఎంత తేడానో ఇప్పటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఆయన కొడుకు, అంటే మా తాత, జిల్లా బోర్డు మెంబరు. కలెక్టరు ఆ వైపు క్యాంపుకు వస్తే బస మా ఇంట్లోనే. మా నాన్న ఊరి మునసబు, ప్రభుత్వం ఆ పదవిని రద్దు చేసిన రోజు వరకూ. నేను నెల్లిమర్ల దగ్గర ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయ్యాను.

ఈ వరుస చదివినవారికి మెట్లు దిగుతున్నట్టు ఉండవచ్చు. నాకెప్పుడూ అలా అనిపించలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి మా మండువాలో కూర్చుంటే చాలు, కాలేజీలో ప్రిన్సిపాల్ అన్న మాటలు, బస్సులో తోపులాట అన్నీ గుమ్మం బయటే ఆగిపోయేవి. నడుమ ఆకాశం, చుట్టూ పన్నెండు టేకు స్తంభాలు. ఒక్కొక్కదానికీ తలకట్టు మీద పద్మం. ఎక్కడా ఒక్క మేకు లేదు. భూములు పోయాయి, తోటలు పోయాయి, ముందరి చావడి కూలిపోయింది. నేనూ మా ఆవిడా వెనక రెండు గదుల్లోకి సర్దుకున్నాం. మండువా మాత్రం నిలబడే ఉంది.

దాని గురించి మా ఇంట్లో ఒక కథ ఉంది. సాలూరు కొండల నుంచి దుంగలు తెప్పించి మా ముత్తాత దీన్ని కట్టించాడు. గృహప్రవేశం రోజున వడ్రంగికి కొత్త బట్టలు పెట్టడం ఆచారం. పెద్ద వడ్రంగి ఆ బట్టలు పుచ్చుకోకుండా తెల్లవారేసరికి ఊరు వదిలి వెళ్లిపోయాడు. టేకు దొంగిలించాడనీ, పట్టుబడతానని పారిపోయాడనీ మావాళ్లు చెప్పేవారు. మా ముత్తాత పెద్ద మనసుతో కేసు పెట్టలేదని కూడా చెప్పేవారు. నేనూ చాలామందికి అలాగే చెప్పాను.

కిందటేడాది వేసవిలో ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. శ్రీకాకుళం పిల్ల. వాళ్ల తాత మిషన్ ఆసుపత్రిలో కంపౌండరు. ఆ మాట తానే చెప్పింది, దాచుకోలేదు. ఆర్కిటెక్టు. ఎనిమిదేళ్లు జపాన్‌లో చదివి, అక్కడి పాత గుడులూ ఇళ్లూ బాగుచేసే ఒక సంస్థలో పనిచేసి వచ్చిందట. కళింగపట్నం దగ్గర ఒక ట్రస్టువాళ్లు మన ప్రాంతపు ఇళ్ల మీద, పనివాళ్ల మీద మ్యూజియం కడుతున్నారని, దానికి నమూనా తనదేనని చెప్పింది.

మండువాలోకి అడుగుపెట్టి ఒక్కొక్క స్తంభం దగ్గరా ఆగుతూ చుట్టూ తిరిగింది. తర్వాత, "ఇది మాకు అమ్ముతారాండీ? విప్పి తీసుకెళ్లి అక్కడ మళ్లీ నిలబెడతాం" అంది.

"మేం అమ్మేవాళ్లం కాదమ్మా, ఇచ్చేవాళ్లం" అన్నాను.

మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పెంకులు జారి వర్షం లోపలికి వస్తోంది. రెండు దూలాలకు చెదలు. ఇంకో తుఫానుకు నిలవదని ఇద్దరికీ తెలుసు. అయినా ఇచ్చేవాళ్లం అన్నాను. రెండు షరతులు పెట్టాను. మా ఇంటిపేరు మ్యూజియం ద్వారం పక్కన రాయి మీద చెక్కించాలి. నా అనుమతి లేకుండా మండువాలో ఏదీ ప్రదర్శనకు పెట్టకూడదు. ట్రస్టువాళ్లు రెండూ ఒప్పుకుని దానపత్రం రాయించారు.

తర్వాత ఒక రోజు కారు పంపి, కడుతున్న భవనం చూపించడానికి తీసుకెళ్లారు. మ్యూజియం అంటే నా మనసులో ఉన్న బొమ్మ వేరు. ఎత్తైన మెట్లు, పెద్ద కమాను, లోపల అద్దాల బీరువాలు. అక్కడ చూస్తే సరుగుడు చెట్ల మధ్య భూమికి అంటుకుపోయినట్టున్న పొడుగాటి కప్పు. గోడలు బూడిద రంగు సిమెంటు. పోత పోసినప్పుడు బిగించిన చెక్క పలకల గీతలు, కణుపులతో సహా, వాటి మీద అలాగే ఉన్నాయి.

"పూత ఎప్పుడు వేస్తారమ్మా?"

"వెయ్యమండీ. ఇంతే."

మా పశువుల శాలకు కూడా సున్నం వేయించేవారు. పైగా కప్పు గోడను దాటి నాలుగడుగులు బయటికి వచ్చి, ముసలివాడు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు కిందికి వంగి ఉంది. ఆ అమ్మాయి దాని కిందకు తీసుకెళ్లి చూపించింది.

"జపాన్‌లోనూ తుఫాన్లే, ఇక్కడా తుఫాన్లేనండీ. చూరు పొడుగ్గా ఉంటేనే గోడ బతుకుతుంది. వాళ్ల పాత ఇళ్లలో స్తంభాన్ని భూమిలో పాతరు, రాయి మీద నిలబెడతారు. మీ మండువాలోనూ అంతే కదా. ఇక్కడ బరువంతా ఇనుమూ సిమెంటూ మోస్తాయి. మండువా మీద ఏ బరువూ పడదు. ఒక్కటే నియమం. కొత్తది పాతదాన్ని తాకకూడదు. రెంటికీ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది, పైనా పక్కనా. ఏది ఎప్పటిదో చూసేవాళ్లకు తెలియాలి."

నడిమి గదిలోకి వెళ్లాం. ఒక వైపు గోడకు బదులు పక్కకు జరిగే తెల్లటి తలుపులు, పలుచని కాగితంలా. వాటి వెనక సముద్రం ఉందని శబ్దాన్ని బట్టి తెలుస్తోంది కానీ కనపడదు. వెలుతురు మాత్రం లోపలికి వచ్చి నేల మీద మెత్తగా పరుచుకుంది. గది చుట్టూ మనిషి ఎత్తుకు పైన ఇనుప నడవ. అక్కడి నుంచి కిందికి చూడవచ్చు.

"మండువా ఇక్కడ వస్తుందండీ."

"మరి అందులో ఏం పెడతారు? మా ముత్తాత ఫొటో, ఉయ్యాల బల్ల, రెండు కత్తులు ఉన్నాయి."

"ఏమీ పెట్టమండీ. ఖాళీగా ఉంచుతాం. అది కనపడాలంటే చుట్టూ ఏమీ ఉండకూడదు."

మా ఇంటిని బట్టలు విప్పి నలుగురిలో నిలబెడతామన్నట్టు వినిపించింది నాకు. ఇంటికి వచ్చి మా ఆవిడతో అంటే, "ఖాళీగా ఉంటేనేటండీ? తుడుసుకోడం సులువు" అంది.

జపాన్ నుంచి వడ్రంగి వస్తున్నాడని కబురు వచ్చింది. పెద్దవాడట, గుడులు కట్టే వంశమట. విదేశీ అతిథి వస్తుంటే ఇల్లు మాసిపోయి ఉండటం నాకు నచ్చలేదు. మా ఇంటికి కలెక్టర్లు వస్తుంటే నెల ముందు నుంచి వెల్ల వేయించేవారు. విజయనగరం నుంచి రంగు తెప్పించి, ఇద్దరు మనుషులను పెట్టి, పన్నెండు స్తంభాలకూ నిగనిగలాడే కాఫీ రంగు ఎనామెల్ పెయింటు రెండు పూతలు వేయించాను. పద్మాలకు బంగారు రంగు. మూడు రోజులు పట్టింది.

ఆ అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు చేశారండీ ఇది?"

"నేనే చేయించానమ్మా."

ఆ పెద్దాయన ఆమె వెనకే నిలబడ్డాడు. చిన్న మనిషి, తెల్లటి కురచ జుట్టు. ఒక స్తంభాన్ని చూశాడు. నన్ను చూశాడు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, నాకు నడుం వంచి నమస్కారం చేశాడు. రంగు గురించి ఒక్క మాట అనలేదు. ఆయన ఏదైనా అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

వాళ్లతో మూడో మనిషి వచ్చాడు. నెల్లిమర్లలో దుకాణం ఉన్న వడ్రంగి, యాభై ఏళ్లుంటాయి. జపాన్ ఆయనకు సాయంగా ఈ అమ్మాయి కుదుర్చుకుంది. నేను అతన్ని ఎరుగుదును. మా మండువా కట్టి పారిపోయిన వడ్రంగికి ముని మనవడు. అతను టేపు పరిచి కొలతలు తీస్తుండగానే నేను ఆ అమ్మాయికి మా ఇంటి చరిత్ర చెబుతూ వడ్రంగి కథ కూడా చెప్పాను. చెప్పి, "వీళ్ల ముత్తాతే. విప్పేటప్పుడు కర్ర లెక్క చూసుకోండి" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఇది రాస్తూ దాన్ని వదిలేస్తే మిగతాది రాయడంలో అర్థం లేదు.

అతను తల ఎత్తలేదు. టేపు చుట్టుకుని తర్వాతి స్తంభం దగ్గరికి వెళ్లాడు.

రంగు గీకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గీకారు. ఒకరి భాష ఒకరికి రాదు. కర్రను నునుపు చేసే చిత్రికను మనవాళ్లు ముందుకు తోస్తారు. ఆయన తన వైపు లాగుతాడు. అది చూసి మొదటి రోజు మన నెల్లిమర్లవాడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏటి మావా, సిత్రికని ఎనక్కి లాగతన్నావు? బండెడ్లని పగ్గం పట్టి ఆపతన్నావేటి?"

ఆయనకు ఏం అర్థమైందో, తానూ నవ్వి చిత్రిక అతని చేతికిచ్చాడు. మనవాడు లాగబోతే అది కర్రలో దిగబడిపోయింది. ఆయన మోకాలి మీద కొట్టుకుంటూ నవ్వాడు. "మావ మంచోడే" అన్నాడు మనవాడు మా ఆవిడతో, మజ్జిగ గ్లాసు అందుకుంటూ. "నా సిత్రిక ఇస్తే ఆయనా ఎర్రిమొకం ఏసీసేడు."

ఎనిమిదో రోజున ఆ నవ్వులు ఆగిపోయాయి. పెద్దాయన ఒక స్తంభం ముందు నిలబడి ఉన్నాడు. తడిగుడ్డతో తుడిచి, అరచెయ్యి ఆనించి, పై నుంచి కిందికి మెల్లగా దించాడు. మళ్లీ కింది నుంచి పైకి. అది ఎనిమిదో స్తంభం. మా ముత్తాత ఉయ్యాల బల్ల దాని పక్కనే ఉండేది. ఆయన మనవాణ్ణి పిలిచాడు. మనవాడూ చెయ్యి వేసి చూసి, వెంటనే తీసేశాడు. పెద్దాయన ఆ అమ్మాయితో ఏదో అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "ఈ స్తంభం తలకిందులుగా ఉందంటున్నారండీ."

పిడుగు పడ్డట్టయింది. చెట్టు ఎలా పెరిగిందో కర్రను అలాగే నిలబెట్టాలి, మొదలు కిందికి, కొస పైకి. ఈ మాత్రం నాకూ తెలుసు. పందిరి గుంజను కూడా మావాళ్లు తిరగేసి పాతనిచ్చేవారు కాదు. తలకిందుల కర్ర ఇంటికి అరిష్టమంటారు. అలాంటిది మా ముత్తాత కూర్చున్న చోట, తాత కూర్చున్న చోట, నాన్న కూర్చున్న చోట, నేను రోజూ సాయంత్రం వీపు ఆనించిన చోట!

"అబద్ధం" అన్నాను. "ఆయనకెలా తెలుసు?"

వాళ్లు చూపించారు. కొమ్మ విరిగిన చోట కణుపు పైకి చూడాలి, అది కిందికి చూస్తోంది. కర్ర లోపలి చారలు మిగతా పదకొండింటిలో దీపం మంటల్లా పైకి లేచాయి. దీంట్లో కిందికి వేలాడుతున్నాయి. ఒకసారి చూశాక ఇక అదే కనిపించింది. డెబ్బై ఏళ్లు ఆ స్తంభాన్ని చూశాను కానీ ఆ సంగతి నా కంట పడలేదు.

నేను చేసిన మొదటి పని ఆ వడ్రంగి మీద విరుచుకుపడటం. "మీ ముత్తాత దొంగతనమే కాదు, ఈ పని కూడా చేశాడన్నమాట. మా వంశం ఇలా అయిందంటే..." అని ఆగిపోయాను, మాట పూర్తి చెయ్యలేక.

అతను అప్పుడు మొదటిసారి నన్ను సూటిగా చూశాడు. "సూద్దారండి బాబూ. ఇప్పినప్పుడు తెలుస్తాది" అన్నాడు.

దసరా వెళ్లాక విప్పారు. పెంకులు దించి, వాసాలు దించి, దూలాలు ఒక్కొక్కటే చెక్క సుత్తితో తట్టి వదులు చేశారు. స్తంభం పైకొన సన్నగా చెక్కి ఉంటుంది, దూలంలో తొలిచిన గుంటలోకి దిగడానికి. దాన్ని కుసి అంటారు. దూలం లేస్తే గాని అది కనపడదు. ఎనిమిదో స్తంభం మీది దూలం లేచినప్పుడు నేను కింద కుర్చీలో ఉన్నాను. పైన నిచ్చెన మీద ఉన్న ఇద్దరూ కదలకుండా ఉండిపోయారు. తర్వాత పెద్దాయన తలగుడ్డ తీసేశాడు.

"ఏముందమ్మా?" అని అరిచాను.

ఆ అమ్మాయి నిచ్చెన ఎక్కి చూసి, ఫొటో తీసుకుని దిగి ఫోను నా చేతికిచ్చింది. ఆ చెక్క మీద నిన్ననే కోసినంత లేత రంగు. దాని మీద ఉలితో చెక్కిన అక్షరాలు, వంకర లేకుండా:

ఇది మొదలు. నాకెరుకే. దొరమాట.

మూడుసార్లు చదివాను. అర్థం కాక కాదు. పద్మం చెక్కడానికి పైన లావు కావాలి. ఆ దుంగ కొస సన్నగా ఉండి ఉంటుంది. ఇంకో దుంగ కొండల నుంచి రావాలంటే ముహూర్తం దాటిపోతుంది. దర్బారుకు పిలుపులు వెళ్లిపోయాయి. తిరగేసి పెట్టమని మా ముత్తాత అని ఉంటాడు. వడ్రంగి వద్దని ఉంటాడు. ఆ తర్వాతి మాట ఎలా ఉండి ఉంటుందో నాకు బాగా తెలుసు. అది మా ఇంటి గొంతు. అందుకే అతను బట్టలు పుచ్చుకోలేదు. మూడు తరాలు మేం ఇంకో కథ చెప్పుకున్నాం.

మనవాడు నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. పెద్దాయన అతని వీపు మీద చెయ్యి వేసి ఏదో చెబుతుంటే ఆ అమ్మాయి కింది నుంచి తెలుగులో అంది: "వాళ్ల దేశంలోనూ వడ్రంగులు అతుకు లోపల రాస్తారట. ఇంటివాళ్ల కోసం కాదట. ఎప్పుడో ఒకనాడు దాన్ని విప్పే వడ్రంగి కోసమట. మీ ముత్తాత మనకే రాశాడు అంటున్నారు."

కబురు రాసింది మా ఇంట్లో, మా కర్ర మీద. రాసింది మాత్రం మాకు కాదు. ఆ మాట నన్ను కొట్టినంతగా మరేదీ కొట్టలేదు.

వారం రోజుల తర్వాత ఆ అమ్మాయి కాగితాలతో వచ్చింది. ఎనిమిదో స్తంభాన్ని సరిచేసి నిలబెట్టమన్నాను. పద్మం మొదలు వైపే చెక్కి ఉంది కాబట్టి కుదరదంది. పైగా తన ఆలోచన వేరు. ఆ అక్షరాలున్న చోట దూలం పక్కను ఒక చిన్న కిటికీలా తెరిచి వదిలేస్తుందట. కొత్త కప్పుకూ పాత దూలానికీ మధ్య ఉన్న జానెడు ఖాళీలోంచి వెలుతురు సరిగ్గా దాని మీద పడుతుందట. పై నడవ మీద నిలబడినవాళ్లు ఆ అక్షరాలు చదవవచ్చు. గదిలో ఉండే ప్రదర్శన అదొక్కటే.

"ద్వారం దగ్గర మా ఇంటిపేరు. లోపల ఇది" అన్నాను.

"మీ అనుమతి లేకుండా చెయ్యమండీ. దానపత్రంలో ఉంది కదా. వద్దంటే దూలం మూసేస్తాం, ఎప్పటిలా." ఆమె గొంతులో బతిమాలడం లేదు, బెదిరింపూ లేదు. సంతకం పెట్టాల్సిన కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మూసెయ్యమనడానికి నాకు ఒక్క మాట చాలు. ఆ మాట రెండు రోజులు నోట్లోనే ఉంది. మూడో రోజు బస్సెక్కి నెల్లిమర్ల వెళ్లి ఆ వడ్రంగి దుకాణంలో దిగాను. అతను తలుపు చట్రం బిగిస్తున్నాడు. స్టూలు తుడిచి వేశాడు.

"నీకేం కావాలో చెప్పు" అన్నాను.

"నాకేటి కావాలి బాబూ?" పని ఆపలేదు. "మా నాన్నకి బొబ్బిలి పక్క సంబంధం కుదిరి తప్పిపోనాది. టేకు దొంగల కొంప అన్నారు. నాను బళ్లో సదివినప్పుడు ఎవుల పలక పోయినా నన్నే కొట్టీవోరు, ముందు నన్నే. ఇప్పుడేటి సేస్తారు మీరు?"

అతను చట్రం తిప్పి రెండో పక్క పట్టుకున్నాడు.

"రాయి మీద మీ పేరు ఎట్టుకోండి బాబూ, ఎంత పెద్దదైనా ఎట్టుకోండి. మీ ఇల్లే కదా. ఆ అచ్చరాలు మాత్రం ముయ్యకండి. అంతే."

"అందులో మీ ముత్తాత పేరు కూడా లేదు కదయ్యా."

"లేదు. సేసినోడి పేరు మీకెందుకు, నాకు తెలుసు కదా" అన్నాడు. టీ తెప్పించాడు. తాగాను. క్షమించమని నేను అడగలేదు. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. అది గొప్పతనమని చెప్పడం లేదు. నోరు తిరగలేదు, అంతే.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోను చేశాను. దానపత్రం రద్దు చేసి అమ్మకం కాగితం రాయించమన్నాను.

"మీరు అమ్మరన్నారు కదండీ?"

"ఇచ్చినవాడి పేరు చెక్కాలి, ఇచ్చినవాడి అనుమతి అడగాలి. అమ్మినవాణ్ణి ఎవరూ ఏమీ అడగక్కర్లేదు. కొన్నవాళ్లు తెరుచుకుంటారో మూసుకుంటారో వాళ్ల ఇష్టం."

"ద్వారం దగ్గర రాయి మాటేమిటండీ?" అంది.

"ఆ రాయి ఇంకెక్కడైనా వాడుకోండి."

మా ఆవిడ పక్కనే ఉండి అంతా వింది. నా కళ్లద్దాలు తెచ్చి ఇచ్చింది, కాగితాలు వస్తే చదువుకోవడానికి.

పన్నెండు స్తంభాలూ, వాటి కింది రాళ్లూ, దూలాలూ, సింహద్వారమూ ట్రస్టుకు అమ్మేశాం. పెంకులు గరివిడి దగ్గర కోళ్ల ఫారం నడిపే ఆయన కొనుక్కున్నాడు.